టోపీ కోసం ఎకరాలు ఎందుకు రాసియ్యాలె?



విత్తనాల సీజన్ వస్తే ఊరూరా కంపెనీల మీటింగులే. చాయ్ పోసి, టోపీ పెట్టి, లక్కీ డ్రా అని ఓ ఫారం చేతిల పెడ్తరు. పేరు, ఫోన్ నంబర్, ఎన్ని ఎకరాలు, పత్తా మిర్చా, అప్పు ఎక్కడ తెచ్చినవ్... కొందరైతే ఆధార్ జిరాక్స్ కూడా అడుగుతున్నరు. "మన దగ్గర దాచేటందుకు ఏమున్నది" అని మనోళ్లు రాసిచ్చేస్తరు. నేనైతే ఈ మాట ఒప్పుకోను.

పెద్దపల్లి జిల్లా ధర్మారం సంగతి యాదికున్నదా? 2018ల అక్కడ సిమ్ కార్డులు అమ్మేటాయన రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దింపుకున్నడు. వాటి మీది వేలిముద్రలతోని రబ్బరు ముద్రలు చేసి, ఆ పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. టార్గెట్ కోసమట! వాళ్లు ముద్ర వేసింది భూమి కోసం, వాడుకున్నది ఇంకొకడు. ఫోన్ నంబర్ పోతే మార్చుకుంటం. వేలు మార్చుకుంటమా?

2023 ఏప్రిల్‌ల సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ మనిషి ఒకణ్ని పట్టుకున్నరు. 24 రాష్ట్రాలల్ల 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అతని దగ్గర దొరికినయని చెప్పిన్రు. అందర్నీ ఆయన ఇల్లిల్లు తిరిగి అడిగిండా? ఎక్కడెక్కడో ఇచ్చినవే చేతులు మారి అక్కడ చేరినయి. మన పంట, అప్పు, నంబర్ ఒక్క కాగితం మీద దొరికితే మోసగానికి ఇంకేం కావాలె? "ఫలానా బ్యాంకుల నీ లోను మాఫీ అయింది, ఓటీపీ చెప్పన్నా" అని పేరు పెట్టి పిలుస్తడు. నమ్మకుంట ఎట్లుంటం?

యూరియాకు, రేషన్‌కు వేలు పెట్టక తప్పదు. 2025 వానకాలం లైన్లల్ల నిలబడ్డోళ్లకు నేను చెప్పేదేం లేదు. కానీ టోపీకి ఆధార్‌తో ఏం పని?

2023ల డేటా రక్షణ చట్టం వచ్చింది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నరో చెప్పాలె, భద్రంగ ఉంచకపోతే 250 కోట్ల దాక జరిమానా. నియమాలు 2025 నవంబర్‌ల వచ్చినయి, ముఖ్యమైనవాటికి ఇంకా 18 నెలల గడువు పెట్టిన్రు. మంచిదే. గని ఏజెంటు ఆ ఫారాలు కంపెనీకే ఇచ్చిండో, ఇంకొకరికి అమ్ముకున్నడో మనం ఎట్ల రుజువు చేస్తం? అందుకే ఇచ్చేకాడనే ఆపుకోవాలె.

జిరాక్స్ తప్పక ఇయ్యాల్సి వస్తే ఎందుకు ఇస్తున్నమో, తారీఖు దాని మీదనే రాయున్రి. చివరి 4 అంకెలే కనబడే ఆధార్ నెట్ సెంటర్ల తీసిస్తరు. వేలిముద్ర లాక్ కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే యూరియా రోజు లాక్ తియ్యాలె, లేకుంటే మిషన్ తీసుకోదు. ఖాతాల పైసలు పోతే ఆలస్యం చెయ్యకుంట 1930కి ఫోన్ కొట్టున్రి.

మొన్న మా ఊరికొచ్చిన పిలగాన్ని "ఎకరాల గడి ఎందుకు తమ్మీ" అని అడిగితే, "పైనుంచి అట్లనే వచ్చిందన్నా" అన్నడు. ఖాళీగ ఇచ్చినా కూపన్ ఇచ్చిండు.