కాలిబాటయు చట్టమును

మన నగరములందు బాటసారి యెవరైన మోటారు క్రిందబడి మరణించినచో పోలీసువారు మొదట వెదకునది అజాగ్రత్త. నడిపినవాడు వేగముగ నడిపెననియో, చనిపోయినవాడు చూడక దాటెననియో వ్రాసికొందురు. ఆ వీధిని అట్లు నిర్మించినవారెవరని అడుగు ఆచారము మనకు లేదు.

2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములందు దేశమున 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వమువారి లెక్క. అందు 32,825 మంది పాదచారులు. ద్విచక్ర వాహనములపై పోవుచు మరణించినవారు దాదాపు 75 వేలు. ఇందరును అజాగ్రత్తపరులేయని నమ్ముట మాకు సాధ్యము కాకున్నది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2012లో ప్రకటించిన నియమముల ప్రకారము కాలిబాటపై అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు; అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. మనమెరిగిన కాలిబాట యెట్టిది? ప్రతి గేటు యెదుటను తెగిపోవును. తెగనిచోట మోకాలి యెత్తున లేచును. నడుమ ట్రాన్స్‌ఫార్మరొకటి, దానిప్రక్క మూతలేని కాలువ, ఆపైన నిలిపియుంచిన మోటారుసైకిళ్లు. ముసలివారు, గర్భిణులు, చక్రముల కుర్చీపై పోవువారు విధిలేక నడిరోడ్డున దిగుదురు; దిగినందులకు వారినే తప్పుపట్టుదురు! ఇక రోడ్డు సంగతి. వెడల్పుగను, తిన్నగను రోడ్డు వేసి, దాని యంచున “నెమ్మదిగా పొండు” అని పలక నాటినచో వినువారుండరు. బండ్లబాటను కుదించి, దాటుచోట నడిమి దిమ్మెపై నిలుచుటకు తావిచ్చినచో ఆ పలక యక్కరయే యుండదు.

ఇది జరుగరాని పని కాదు. చెన్నపురిలో పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారి పేర వెలసిన త్యాగరాయ రోడ్డు, అనగా పాండీబజారు, పండుగ బట్టలకై పోవు తెలుగు కుటుంబములకు క్రొత్తది కాదు. అచ్చట బండ్లబాటను తగ్గించి, ఇరుప్రక్కల కాలిబాటలను విశాలముచేసి 2019 నవంబరులో ప్రారంభించిరి. కారు నిలుపు తావు లేనిచో బేరములు పోవునని ఇట్టి సందర్భములందు వర్తకులు భయపడుట కద్దు. ఒక్క కారు నిలుచు తావున పదుగురు నడచిపోవచ్చుననియు, ఆ పదుగురికిని సంచులున్నవనియు వారికి మా మనవి. అయినను, నడకకును సైకిలుకును ప్రాధాన్యమీయవలెనను విధానమును ఆ నగరపాలక సంస్థవారు ఆమోదించినది 2014లో. ఐదేండ్లకు మెచ్చదగిన వీధి యొకటి వచ్చెను. ఈ లెక్కన తక్కిన వీధుల వంతెన్నటికో!

వీధివర్తకులను తరిమివేయుటయే కాలిబాటల సంస్కరణమని తలచువారు 2014 నాటి వీధివర్తకుల చట్టమును చదువవలెను. పట్టణ విక్రయ సంఘమున నూటికి నలువదిమందికి తక్కువకాకుండ వారి ప్రతినిధులుండవలెనని అందున్నది.

చట్టము మాట వచ్చినది గనుక మఱొకటి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 198ఎ అను సెక్షనును చేర్చిరి. రోడ్డును రూపొందించు, నిర్మించు, బాగుచేయు అధికారిగాని కంట్రాక్టరుగాని విధించిన ప్రమాణములను పాటింపనందున మరణముగాని అంగవైకల్యముగాని కలిగినచో లక్షరూపాయలవరకు జుల్మానా. కంట్రాక్టరునకు అది గొప్ప మొత్తము కాదు. అయినను నేరము ఎవరిదను ప్రశ్నకు చోటేర్పడెను. కాలిబాటపై నిరాటంకముగ నడచుట రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టువారు 2025 మేలో స్పష్టముచేసిరి. డబ్బు లేదను సాకు పురపాలక సంఘములకు చెల్లదని రత్లాము కేసున 1980లోనే చెప్పియుండిరి.

కావున మేము కోరునది స్వల్పము. బాటసారి మరణించిన ప్రతిచోటికిని పోలీసు అధికారితోపాటు నగరపాలక ఇంజనీరును పంపవలెను. కాలిబాట వెడల్పు, అంచు ఎత్తు, దాటవలసిన దూరము కొలిపించి, ఆ యంకెలను కేసు కాగితములతో జతపరచి, వార్డు కార్యాలయపు గోడపై అంటింపవలెను. ఇందులకు కావలసినది ఒక కొలత టేపు.