ఆఖర్లో వచ్చే మనిషి

ఆట మూడు గంటలు. అతని పని పావుగంట. అదీ చివర్లోనే! బేస్‌బాల్‌లో ఇలాంటివారిని క్లోజర్లంటారు. మన క్రికెట్లో ఆఖరి ఓవర్ వేసే బౌలర్‌లాంటివారన్నమాట. కాకపోతే మన బౌలర్ అప్పటిదాకా ఫీల్డింగైనా చేస్తుంటాడు. వీళ్లు పిలుపొచ్చేదాకా హద్దు అవతల కూర్చోవాల్సిందే.

జట్టుకున్న కొద్దిపాటి ఆధిక్యం చేజారకుండా ఆట ముగిస్తే ఒక 'సేవ్' ఖాతాలో పడుతుంది. న్యూయార్క్ యాంకీస్ పిచర్ మరియానో రివెరా అలాంటివి 652 సాధించాడు. అమెరికా మేజర్ లీగుల్లో ఇదే రికార్డు. 1969లో పనామాలో పుట్టిన రివెరా పెరిగింది జాలర్ల పల్లెలో. తండ్రి చేపల పడవ నడిపేవాడు. చిన్నప్పుడు పాల అట్టడబ్బానే గ్లవ్‌గా చేసుకుని ఆడాడట.

అతని ఆయుధం ఒక్కటే... కట్టర్. 1997లో తోటి ఆటగాడితో ఊరికే బంతి విసురుకుంటుంటే, అది చివర్లో తనంతట తానే పక్కకు జరగడం మొదలుపెట్టింది. ఎందుకో అతనికీ అర్థం కాలేదు. మాన్పించాలని కోచ్ కొన్ని వారాలు ప్రయత్నించి వదిలేశాడు. ఆ తర్వాత ఎన్ని బ్యాట్లు విరిగాయో! 2013లో రివెరా రిటైరవుతుంటే ప్రత్యర్థి మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతోనే కుర్చీ చేయించి బహూకరించింది.

ఇంతటివాడూ ఒకసారి తడబడ్డాడు. 2001 నవంబరు 4. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. యాంకీస్ 2-1తో ముందుంది. జంట టవర్లు కూలి రెండు నెలలైనా కాలేదు, న్యూయార్క్ ఆ గెలుపు కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది. రివెరా విసిరిన త్రో ఒకటి గురి తప్పింది. స్కోరు సమమైంది. చివరికి అరిజోనా బ్యాట్స్‌మన్ లూయిస్ గొంజాలెజ్ కొట్టిన బంతి సరిగా తగలకుండానే ఫీల్డర్ల తలల మీదుగా మెల్లగా వెళ్లి పడింది. కప్పు పోయింది.

గెలిస్తే న్యూయార్క్‌లో ఊరేగింపు ఉండేది. అదయ్యాకే డొమినికన్ రిపబ్లిక్‌లోని ఇంటికి వెళ్దామని సహచరుడు ఎన్రిక్ విల్సన్ నవంబరు 12 విమానానికి టికెట్ తీసుకున్నాడు. ఊరేగింపు లేకపోవడంతో ముందే వెళ్లిపోయాడు. ఆ విమానం న్యూయార్క్‌లోనే కూలింది. అందులోని 260 మందీ మరణించారు. ఓడిపోవడమే మంచిదైంది, స్నేహితుడు మిగిలాడు అన్నాడు రివెరా తర్వాత. తన వల్ల పోయిన కప్పు గురించి ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసుండాలి!

2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఓటింగ్ జరిగింది. ఓటేసేది బేస్‌బాల్ విలేకరులు. విలేకరులంతా ఒక్కమాట మీదికి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు! 425 ఓట్లు పోలైతే 425 రివెరాకే పడ్డాయి. అంతకుముందు ఆ ఏకగ్రీవం బేబ్ రూత్‌కూ దక్కలేదు.