తలుపు దాటాక లెక్క ఎవరు చూస్తారు?

రసాయన ఇంజనీరింగ్‌లో మేము చెప్పే తొలి పాఠం ద్రవ్య సమతుల్యత. పరికరంలోకి వెళ్లిన పదార్థం బయటికైనా రావాలి, లోపలైనా నిలవ ఉండాలి. లెక్క కుదరకపోతే ఎక్కడో కారుతున్నదని అర్థం. పరికరాలకు ఇంత శ్రద్ధగా వేసే ఈ లెక్కను మన పీహెచ్‌డీ ప్రవేశాలకు ఎందుకు వేయము?

2006 నాటి చట్టం కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు కేటాయించింది. వాదోపవాదాలన్నీ ఆ తలుపు దగ్గరే ఆగిపోతున్నాయి. చేరినవారి జాబితా నోటీసు బోర్డుకెక్కుతుంది. మధ్యలో వెళ్లిపోయినవారి జాబితా ఎక్కదు.

ఆ తలుపు దగ్గరా అంతా సవ్యంగా లేదు. 2016 నాటి యూజీసీ నిబంధనలు రాతపరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపికను ఇంటర్వ్యూకు వదిలేశాయి. విద్యార్థుల ఆందోళనల తరువాత రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ వచ్చింది. ఆ ముప్ఫై శాతంలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. రెండు దశాబ్దాల క్రితం నా ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగారు. లందలో తోళ్లు శుద్ధి చేస్తారని చెప్పాను. ఆ తరువాత సబ్జెక్టులో ఒక్క ప్రశ్నా రాలేదు. తంగేడు బెరడులోని టానిన్ తోలులోని కొలాజెన్‌తో బంధమేర్పరచుకొని కుళ్లును ఆపుతుంది. అది తోలు లోలోపలికి ఎంత వేగంగా ఇంకుతుందన్నది మా ద్రవ్య బదిలీ పాఠమే. మా నాన్న దాన్ని చేతులతో నేర్చుకున్నారు. అడిగితే చెప్పేవాణ్ణి.

ప్రయోగశాలలో వివక్షకు తిట్లు అక్కర్లేదు. "ఈ వారం గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఖాళీ లేదు" అన్న మాట చాలు. ద్రావణి కొనాలన్నా, నమూనా పరీక్షకు పంపాలన్నా, పరిశోధనా పత్రంలో పేరుండాలన్నా గైడ్ అంగీకారం కావాలి. గ్రంథాలయంలో కూర్చొని పూర్తిచేసే పరిశోధన కాదిది. గడువు మాత్రం ఆగదు. 2022 నిబంధనల ప్రకారం ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. పరికరం దొరకని నెలలను అందులోంచి ఎవరూ మినహాయించరు.

2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37 వేల రూపాయలు. తొలితరం విద్యార్థికి అందులో తమ్ముడి ఫీజు, తల్లి మందులు కూడా ఉంటాయి. అది నెలల తరబడి ఆగితే ఏమవుతుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయం చూసింది. 2016 జనవరి 17న మరణించిన రోహిత్ వేముల తన చివరి లేఖలోనూ ఏడు నెలల ఫెలోషిప్ బకాయిని ప్రస్తావించవలసి వచ్చింది.

ప్రయోగశాలలో కులమెక్కడిది, ప్రతిభే కొలమానం కదా అంటారు. ఆ ప్రతిభ పరికరం మీద గడిపిన గంటల్లోంచే బయటపడుతుంది. ఆ గంటలు ఎవరికెన్ని దక్కాయో ముందు చూపండి. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు ఉన్నాయి కదా అనీ అంటారు. అవి ఫిర్యాదుతో మొదలవుతాయి. తన సిద్ధాంత గ్రంథంపై సంతకం పెట్టవలసిన వ్యక్తిపైనే ఫిర్యాదు చేయగల విద్యార్థులు ఎందరు?

కాబట్టి ఫిర్యాదు కోసం ఎదురుచూడని ఏర్పాట్లు కావాలి. ప్రతి విభాగమూ ఏటా సామాజిక వర్గాల వారీగా ఎందరు చేరారో, ఎందరు పట్టా పొందారో, ఎందరు వెళ్లిపోయారో, ఎన్నేళ్లు పట్టిందో ప్రకటించాలి. పరికరాల కేటాయింపు రిజిస్టరు పరిశోధకులందరికీ కనిపించాలి. గైడ్‌ను మార్చుకునే అభ్యర్థనను విభాగం బయటి సభ్యులున్న కమిటీ నిర్ణీత గడువులో తేల్చాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, విశ్వవిద్యాలయం తలచుకుంటే చాలు.

లెక్క వేస్తే ఎక్కడ కారుతున్నదో తెలుస్తుంది. వేయనంత కాలం, మధ్యలో వెళ్లిపోయిన ప్రతి విద్యార్థీ తన చేతగానితనం వల్లే వెళ్లిపోయాడని చెప్పుకుంటూనే ఉంటాం.