ఖాళీ గడిలో సున్న



పోయిన సంవత్సరము జూన్ నెలలో ఒక శనివారము సాయంత్రము నేను ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకొంటూ ఉండగా, మా సంఘములోని ఒక అమ్మాయి వాళ్ల నాయనతో కలిసి ఇంటికి వచ్చింది. కళ్యాణదుర్గం వైపు పల్లెటూరి పిల్ల. స్టాటిస్టిక్స్‌తో బి.ఎస్సీ. చదివింది. ఏప్రిల్‌లో అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగము దొరికినప్పుడు సంఘమంతా కృతజ్ఞతా ప్రార్థన చేశాము. ఆ పిల్ల కుర్చీలో కూర్చోకముందే, “నేను ఆ పని మానేస్తాను అయ్యగారూ” అన్నది.

ఆ ఉద్యోగము పేరు డేటా అనలిస్ట్. మన పల్లెల్లో చాలామందికి ఈ మాట కొత్త గనుక కొంచెం చెప్పాలి. ఆ సంస్థ లాభము కోసం పనిచేసేది కాదు. రైతులకు ఫోన్ల ద్వారా వాన సంగతి, విత్తే సమయము, బోర్లలో నీటిమట్టము తెలియజేస్తుంది. ఊళ్లలో పెట్టిన వర్షమాపకాల నుండి రోజూ కొలతలు వస్తాయి. వాటిని పోగుచేసి, తప్పొప్పులు సరిచూసి, ఏ ఊళ్లో పదును వాన పడింది, ఏ ఊళ్లో పడలేదు అని తేల్చి చెప్పడం ఆ పిల్ల పని.

మొదటి రోజు ఒక ల్యాప్‌టాప్, పాస్‌వర్డు, మెడలో వేసుకొనే కార్డు, సెలవుల నియమాల కాగితము ఇచ్చారు. రెండవ రోజు ఒక పెద్ద పట్టిక ఇచ్చారు. నలభై నిలువు వరుసలు, ఒక్కొక్క వరుస పైన రెండు మూడు పొట్టి అక్షరాలు. వాటి అర్థము అడిగితే, “చూస్తూ ఉంటే నీకే తెలుస్తుంది” అన్నారట. రెండుసార్లు అడిగి, మూడవసారి సిగ్గుపడి అడగడం మానేసింది. ఆ పట్టికలో అక్కడక్కడా ఖాళీ గడులు ఉన్నవి. ఖాళీ అంటే వాన లేదని అనుకొని, వాటన్నిటిలో సున్నలు వేసింది. దానితో ఒక ఊళ్లో పన్నెండు రోజులు చుక్క వాన పడనట్టు తేలింది. ఆ లెక్కను బట్టి “మీ ఊరికి ఇంకా పదును కాలేదు, విత్తవద్దు” అనే కబురు తయారైంది.

అది పంపబోయే ముందు ఆ ప్రాంతములో ఏండ్ల తరబడి తిరిగిన ఒక పెద్దాయన చూచి ఆపాడు. “వాన పడింది మ్మా. రాసే ఆయమ్మే ఊళ్లో లేదు. బిడ్డ కాన్పుకని బెంగళూరు పోయింది” అన్నాడట. అంతవరకు మేలే జరిగింది. కాని ఆ పిల్లను అందరి ముందర నిలబెట్టి మందలించారు.

ఇదంతా ఆమె చెబుతుంటే వాళ్ల నాయన తల వంచుకొని విన్నాడు. ఆయనకు మూడెకరాల ఎర్రనేల చేను ఉన్నది. ఆయన ఫోనుకు కూడా ఆ కబుర్లు వస్తాయి. చివరకు ఒక్క మాట అన్నాడు: “అట్లాంటి మెసేజి నాకొచ్చింటే నేను నమ్మి ఊరికే కూర్చునేవాణ్ణి అయ్యగారూ. పదును పోతే మళ్లీ యాడ తెచ్చేది?”

ఈ మాట బరువు మన జిల్లా వారికి వేరుగా చెప్పనక్కరలేదు. దూరమున ఉన్న పాఠకుల కొరకు చెబుతున్నాను. అనంతపురం పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా మట్టుకు కురిసి, మనదాకా వచ్చేసరికి తేలికైపోతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి, ఇక్కడికి కొసరు పంపుతాయి. పడే ఆ కొంచెము వాన ఏ రోజు పడింది, విత్తనము ఏ రోజు నేలలో పడింది అన్న దాని మీదనే శెనక్కాయ పంట, దాని మీదనే ఇంటి అప్పు, దాని మీదనే ఆ ఏడు వలస పోవడమా ఉండడమా అన్నది ఆధారపడి ఉన్నవి. అందుచేత ఆ సున్న కాగితము మీది సున్న మాత్రమే కాదు.

ఆ పిల్లను ఓదార్చబోయి నాకు నా సంగతి జ్ఞాపకము వచ్చింది. ఈ సంఘానికి నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు ముందున్న వారు వెళ్లిపోయే తొందరలో ఉన్నారు. నా చేతికి గుడి తాళపుచెవి, సంఘ సభ్యుల పుస్తకము, బాప్తిస్మపు పుస్తకము వచ్చినవి. అంతే. నేను ఉత్సాహముగా సభ్యుల పుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరిగాను. ఒక ఇంట్లో తల్లి ఒక్కతే ఉన్నది. పుస్తకములో పేరు చూచి, “అమ్మా, మీ ఆయన ఆరాధనకు రావడం లేదేమి?” అని కొంచెము గట్టిగానే అడిగాను. ఆయన చనిపోయి రెండేండ్లయింది. పుస్తకములో ఎవరూ కొట్టివేయలేదు. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు, లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ చెంబు నేనింకా మరచిపోలేదు.

పేర్ల సంగతి ఇంకొకటి. మన కుటుంబాల్లో బడిలో ఒక పేరు, రేషను కార్డులో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు, ఇంట్లో పిలిచేది మరొకటి. పుస్తకము మాత్రమే చూచిన కొత్త కాపరి ఒకే మనిషిని ముగ్గురుగా లెక్కపెడతాడు. నేను పెట్టాను.

లెక్కలను అర్థముతో కూడ అప్పగించాలన్నది వేదములోనే కనబడుతుంది. దావీదు జనసంఖ్య చూడుమని యోవాబును పంపిన సంగతి మీరు ఎరుగుదురు. యోవాబు దేశమంతా తిరగడానికి తొమ్మిది నెలల ఇరవై దినములు పట్టింది. సమూయేలు రెండవ గ్రంథము 24వ అధ్యాయములో ఇశ్రాయేలువారు ఎనిమిది లక్షలు, యూదావారు అయిదు లక్షలు అని ఉన్నది. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 21వ అధ్యాయములో ఇశ్రాయేలువారు పదకొండు లక్షలు, యూదావారు నాలుగు లక్షల డెబ్బది వేలు. వేదాంత పాఠశాలలో మా తరగతిలో దీని మీద గట్టి వాదమే జరిగింది. నేను ఇక్కడ ఆ వాదము తీర్చబోవడం లేదు. అయితే ఆ రెండవ గ్రంథకర్త చేసిన ఒక పని చూడండి. సంఖ్య వ్రాసి ఊరుకోలేదు. లేవి, బెన్యామీను గోత్రములవారిని యోవాబు లెక్కలో చేర్చలేదనియు, ఎందుకు చేర్చలేదో కూడా వ్రాసిపెట్టాడు. గడిలో ఏమున్నదో చెప్పినవాడు, ఏమి లేదో కూడా చెప్పాడు. నేటి ఆఫీసుల్లో దీనిని డేటా డిక్షనరీ అంటారట. ఆ పిల్లకు ఎవరైనా ఆ ఒక్క కాగితము ఇచ్చి ఉంటే సరిపోయేది.

మన ప్రాంతానికి ఇది తెలియని విద్య కాదు. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఊరూరా డేరాలు వేసుకొని తిరిగి పొలాలు కొలిపించాడు. అది శిస్తు కోసము, దొరల లెక్క. దానికంటె మెచ్చదగినది మన కాలములోనే జరిగింది. 2003 తరువాత అనంతపురముతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, రైతులే భూగర్భజలాన్ని కొలిచే కార్యక్రమము నడిచింది. బయటివారు వచ్చి కొలవలేదు. చదువు తక్కువైన రైతులు, ఆడవారు కూడా వర్షమాపకము చూచి రాశారు, బోరులోకి తీగ దించి నీరు ఎంత లోతున ఉన్నదో చూశారు. ఆ అంకెలను ఊరి నడుమ బోర్డు మీద వ్రాశారు. రబీకి ముందు అందరూ కూర్చొని, నేలలో ఇంత నీరున్నది, మనము వేయదలచిన పంటలకు ఇంత కావాలి అని లెక్క కట్టారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అంకె పుట్టిన చోటనే దాని అర్థమూ ఉన్నది గనుక, తప్పు పడితే పక్కింటివాడే చెప్పేవాడు.

2016లో మన పొరుగు కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ వారు రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి 175 మంది శెనక్కాయ రైతులకు విత్తే సమయాన్ని తెలుగులో ఎస్సెమ్మెస్ ద్వారా చెప్పారు. మామూలు ఫోను ఉంటే చాలు. మంచి పని. ఇటువంటి పనులు పెరిగినకొద్దీ మన బిడ్డలు ఈ ఉద్యోగాల్లోకి వెళతారు. కొలిచేవారు ఒక చోట, లెక్క తేల్చేవారు మరొక చోట ఉంటారు. ఆ రెంటి నడుమ దూరము పెరుగుతుంది. అక్కడనే కొత్తగా చేరినవారు జారిపడతారు.

ఆ రాత్రి నేను ఆ పిల్లతో ప్రసంగము చేయలేదు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము తీసి చూపించాను. సౌలు యెరూషలేముకు వస్తే శిష్యులు అతనిని నమ్మక భయపడ్డారు. బర్నబా అతనిని చేరదీసి అపొస్తలుల యొద్దకు తీసుకొనిపోయి, జరిగిన సంగతి తానే వివరించాడు. “నీ ఆఫీసులో నీకు బర్నబా ఎవరూ లేరు. అది నీ తప్పు కాదు. సున్న వేసేముందు అడగకపోవడం మాత్రం నీ తప్పే” అన్నాను. ఆమె ఏడ్చింది, తరువాత నవ్వింది. “ఆ పెద్దాయన ఉన్నాడు కదా, ఆయనను అడుగు” అని మా ఇంటి అమ్మగారు చెప్పింది. నాకు తట్టని మాట అది.

సోమవారము ఆమె రాజీనామా ఇవ్వడానికి బదులు, ఒక వారము ఆ పెద్దాయన వెంట ఊళ్లకు వెళ్లడానికి అనుమతి అడిగింది. అధికారి ఒప్పుకొన్నాడు. కోపిష్టి అయినా మంచివాడే అనుకుంటాను. ఆ వారములో ఆమె నేర్చుకొన్నవి విని నేనే ఆశ్చర్యపోయాను. వానను ఉదయము ఎనిమిదిన్నరకు కొలుస్తారు. మంగళవారము రాత్రి పది గంటలకు పడిన వాన బుధవారము పేరున రాస్తారు. “బోరు పనిచేయలేదు” అన్నచోట ఒక ఊళ్లో నీరు అడుగంటినట్టు, మరొక ఊళ్లో మోటారు కాలినట్టు. లోతు ఒకరు అడుగుల్లో, ఒకరు మీటర్లలో రాశారు. మండలములో ఒకే పేరు గల ఊళ్లు రెండున్నవి. ఇవన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకొన్నది. వాన లేకపోతే సున్న, కొలవకపోతే అడ్డగీత అని కొలిచే అక్కలతో ఒప్పందము కూడా చేసుకొన్నది.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. మొదటి వారములోనే ఆమెకు వేలమంది రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఇచ్చివేశారు. ఆమె పనికి ఊరి పేరు, కొలత ఉంటే చాలు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టము చేసింది. చట్టము లేకపోయినా, సంఘ పెద్దలు నాకు చెప్పుకొన్న ఇంటి సంగతులు నేను కొత్త సండేస్కూలు టీచరు చేతికి ఇస్తానా?

సంస్థలలో పెద్ద పదవుల్లో ఉన్న మన సహోదరులకు ఒక మనవి. ఎఫెసులో అపొల్లో సమాజమందిరములో ధైర్యముగా బోధించాడు గాని అతనికి తెలిసినది కొంతే. అకుల, ప్రిస్కిల్ల అక్కడే లేచి నిలబడి తప్పు పట్టలేదు. అతనిని చేర్చుకొని మరింత స్పష్టముగా విశదపరిచారు. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట చిన్న పని ఇచ్చి, పక్కన కూర్చొని చూడండి. తల్లిదండ్రులారా, మీరు కూడా పిల్లలు ఫోను చేస్తే జీతము పడిందా అని మాత్రమే అడగకండి. ఈ రోజు ఆఫీసులో ఎవరిని ఏమి అడిగావు అని అడగండి. పట్టణములో గది తీసుకొని ఉండే ఆడపిల్లలను అక్కడి సంఘము వారు ఆదివారము భోజనానికి పిలిస్తే అది కూడా బర్నబా పనే.

ఈ నెల మొదటి వారములో ఆ ఆఫీసులో ఒక కొత్త అబ్బాయి చేరాడు. గుంతకల్లు వాడట. రెండవ రోజునే మన పిల్ల అతనిని బస్సెక్కించుకొని ఆ ఊరికి తీసుకొనిపోయింది. బెంగళూరు నుండి తిరిగి వచ్చిన ఆయమ్మ మనుమరాలిని చంకన వేసుకొని, వర్షమాపకపు మూత తీసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి ఎట్లా చూడాలో అతనికి చూపించిందట. నోటుబుక్కును ఇప్పుడు ఆఫీసులో అందరికీ టైపు చేసి ఇస్తున్నారు.

నేను కూడా మా సభ్యుల పుస్తకములో ఒక కొత్త వరుస గీశాను, ఆ ఇంటికి కడపటిసారి ఎప్పుడు వెళ్లానో రాయడానికి. ఇంకా పదకొండు గడులు ఖాళీగా ఉన్నవి.