మెడలో గంట

అరవై దాటిన ఆడదానికి అందమెందుకన్న శాసనం ఎవరు రాశారో గానీ, పెద్దవాళ్ళ మెడలో వేసే అలారం బిళ్ళలు చేసేవాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. పడిపోతే బటన్ నొక్కాలి, అయినవాళ్ళకు కబురందుతుంది. మంచిదే. కానీ ఆ రూపమేమిటండీ? సబ్బుపెట్టెలాంటి తెల్ల ప్లాస్టిక్కు, మధ్యన ఎర్ర బటన్, ఒక తాడు! పేరంటానికి వేసుకువెళితే "నేనివాళో రేపో పడిపోయే మనిషిని" అని చాటింపు వేసుకున్నట్టే.

"ప్రాణం ముఖ్యమా, సోకు ముఖ్యమా?" అని పిల్లలు దబాయిస్తారు. వేసుకోని బిళ్ళ ప్రాణమెలా కాపాడుతుంది నాయనా, అంటాను నేను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై దాటినవాళ్ళను పరిశీలించి 2008లో ప్రకటించారు: అలారం ఉండి కూడా, ఒంటరిగా పడి లేవలేకపోయినవాళ్ళలో నూటికి 80 మంది దాన్ని వాడలేదట! కారణాలు చాలా ఉన్నాయి. బిళ్ళ ఒంటిమీద లేకపోవడం అందులో ఒకటి.

కళ్ళజోడు మాత్రం వైద్యానికి కాదూ? దానికెన్ని ఫ్రేములు, ఎన్ని రంగులు! మనిషి పడితే తనే పసిగట్టే ఆపిల్ చేతిగడియారం 2018లో వచ్చింది. కుర్రకారు మోజుపడి కొంటున్నారు. అంటే చేతకాక కాదు, ముసలివాళ్ళకిది చాల్లే అన్న చులకన. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

చీర అంచుకు రవిక కలవలేదని నాలుగు కొట్లు తిరిగిన మనిషి, ఆ బిళ్ళను గోడమేకుకు తగిలిస్తే తప్పెవరిది? కొనేది బిడ్డలు, మోసేది అమ్మ. ముందు అమ్మకు చూపించండి. ఆవిడకు నచ్చకపోతే అమ్మేవాడి మొహానే చెప్పండి, గంట ఆవుకు కడతారు గానీ అమ్మకు కాదని.