బోలెడు పనిముట్లు, చెంచాడు పంచదార

ముందే చెప్తున్నా, ఈ టపా కొంతమంది మిత్రులకి కోపం తెప్పిస్తుంది. తెప్పిస్తే తెప్పించనీ.

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కుర్రాడు తన కొత్త పౌచ్ బల్ల మీద విప్పాడు. నల్లటి నైలాన్ బట్ట, లోపల ఎలాస్టిక్ పట్టీలు, ఒక్కో పట్టీలో ఒక్కో వస్తువు. మల్టీటూల్, మడత కత్తి, టైటానియం విజిలు, అద్దం పగలగొట్టే మొన ఉన్న పెన్ను, పారాకార్డు చుట్ట, నిప్పురవ్వలు పుట్టించే రాడ్డు. అన్నీ బల్ల మీద వరసగా పేర్చి పైనుంచి ఫోటో కూడా తీసుకున్నాడు. "ఎవ్రీడే క్యారీ అన్నా, ఏ ఎమర్జెన్సీ వచ్చినా మనం రెడీ" అన్నాడు. పక్కనున్నవాడు నవ్వి, "ఎందుకురా ఈ సామాను మోత? ఫోనుంటే చాలదా? ఏం కావాలన్నా పది నిమిషాల్లో తెచ్చిస్తున్నారుగా" అన్నాడు.

వీళ్ళిద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పా అని ఆ పూటంతా ఆలోచించాను. సరిసమానం అని తేలింది. ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, 2024 ఆగస్టు దాకా ఆ ఇద్దరూ నేనే.

ఆ కథ చెప్పాలి. ఆగస్టు 31 రాత్రి నాన్నా నేనూ హైదరాబాదు నుంచి బెజవాడ బస్సెక్కాం. వాన అప్పటికే దంచుతోంది. "ఎప్పుడూ పడే వానేగా" అనుకున్నాం. తెల్లారేసరికి మున్నేరు పొంగి ఐతవరం దగ్గర నీళ్ళు హైవే మీదకి వచ్చేశాయి. బస్సు నందిగామకి ఇవతలే ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. (అంతకు ముందు ఏడాది, 2023 జులైలో కూడా అదే ఐతవరం దగ్గర ఇలాగే రోడ్డు మూసేశారు. మనకి గుర్తుంటేగా!)

నాన్నకి షుగరు. ఇన్సులిన్ మీద ఉన్నారు. రాత్రి ఇంజక్షన్ చేసుకుని, బస్సులో కడుపు బరువుగా ఉంటుందని సగం చపాతీ తిని ఊరుకున్నారు. పొద్దున ఎనిమిదింటికి చూస్తే ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తేడాగా వస్తోంది. నన్ను పట్టుకుని మా బాబాయి పేరుతో పిలుస్తున్నారు. గ్లూకోమీటరు ఏదీ? సూట్‌కేసులో. సూట్‌కేసు ఏదీ? డిక్కీలో. డిక్కీ తలుపు సగం దాకా బురద నీళ్ళు.

నా దగ్గర పౌచ్ ఉంది. ఉందండీ, భేషుగ్గా ఉంది. ఆరు వేలు పోసి కొన్నది. అందులో పద్నాలుగు పనులు చేసే మల్టీటూల్ ఉంది, తొమ్మిదడుగుల తాడుంది, జోరున కురిసే వానలో నిప్పు పుట్టించే రాడ్డుంది. నోట్లో వేసుకునేది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఫోను నాలుగు శాతం. రాత్రంతా వార్తలు చూసుకుంటూ నేనే తగలేశాను. ఆ నాలుగు శాతంతో ఎవరికైనా చేద్దామంటే సిగ్నల్ లేదు. దిగి రోడ్డు పక్క బడ్డీ కొట్టుకి పరిగెత్తితే, "నెట్‌వర్క్ లేదు బాబూ, క్యాష్ ఉంటేనే" అన్నాడు. జేబులో ఒక్క నోటు లేదు. నెలకి ఇంత జీతం తెచ్చుకునే వెధవని, రెండు పది రూపాయల జ్యూసు డబ్బాలు కొనలేక వానలో నిలబడ్డాను.

వెనక్కొచ్చేసరికి మా వెనక సీట్లో మామ్మగారు లేచి నిలబడి ఉన్నారు. "ఏం బాబూ, నాన్నగారికి షుగరా?" అనడిగారు. అవునండీ అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా చేతిసంచిలోంచి ఒక జిప్పు పర్సు తీశారు. నగల షాపులో గొలుసు కొంటే ఊరికే ఇస్తారే, ఎర్రది, మీద షాపు పేరు అచ్చేసి, అదే. అందులోంచి పంచదార పొట్లం, స్టీలు చెంచా. సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి నాలుగు చెంచాలు కలిపి తాగించారు. "మా ఆయనకి ఇరవయ్యేళ్ళు ఇదే చేశాను" అన్నారు. పావుగంట తర్వాత నాన్న నన్ను నా పేరుతో పిలిచారు.

ఇప్పుడు చెప్పండి, ఆ బస్సులో ఎవరు ఎమర్జెన్సీకి రెడీగా ఉన్నట్టు?

నా వాదన ఇంతే. పౌచ్‌లో ఏముండాలన్నది ఆ పౌచ్ అమ్మేవాడు చెప్పకూడదు. నీకు, నీ పక్కన నడిచే మనుషులకి, నువ్వు తిరిగే దారుల్లో ఏం జరుగుతుందో అది చెప్పాలి. ఆ వీడియోలు చేసే అమెరికా వాడి తప్పేమీ లేదు. వాడు వారాంతంలో అడవిలోకి పోతాడు, వంద మైళ్ళు మనిషి కనపడని రోడ్డు మీద కారు నడుపుతాడు, వాడి ఊళ్ళో తుపాకులున్నాయి. అందుకే వాడి సంచిలో నిప్పు రాడ్డూ, రక్తం ఆపడానికి బిగించి కట్టే పట్టీ ఉంటాయి. ఆ పట్టీని మనవాడు పొలంలో పాము కరిచినప్పుడు వాడతాడు, ఎందుకంటే సినిమాల్లో అలాగే కడతారు. పాము కాటుకి బిగించి కట్టకూడదు, కొయ్యకూడదు, నోటితో లాగకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, యాంటీ వెనమ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వస్తువు కొన్నంత మాత్రాన విద్య రాదు కదా.

ఇక "ఫోనుంటే చాలు" బ్యాచ్. వీళ్ళంటే నాకు ఇంకా మంట, ఎందుకంటే వీళ్ళు నాలాగే ఇంజినీర్లు. పొద్దున లేస్తే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని డిజైన్ రివ్యూల్లో ఎదుటివాడి ప్రాణం తీస్తారు. ఒక్క సర్వర్ మీద డేటాబేస్ పెడితే ఉరేసినంత పని చేస్తారు. ఆ మహానుభావుడే సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు డబ్బు, టార్చి, మ్యాపు, ఆధార్ కార్డు, ఇంట్లోవాళ్ళ నంబర్లు, డాక్టరు చీటీ మొత్తం ఒకే గాజు పలక మీద పెట్టుకుని తిరుగుతాడు. అది నీళ్ళలో పడితే? పడక్కర్లేదు కూడా. 2025 ఏప్రిల్ 12న ఏ వరదా లేకుండానే యూపీఐ దేశమంతటా కొన్ని గంటలు మొరాయించింది, గుర్తుందా? మీ ఇంట్లోవాళ్ళ నంబర్లు ఎన్ని నోటికొచ్చో ఒకసారి లెక్కపెట్టుకోండి. నాకు ఆ రోజు ఒక్కటే వచ్చు, అది కూడా మా పాత ల్యాండ్‌లైన్ నంబరు :)

పది నిమిషాల డెలివరీ గురించి ఏమని చెప్పను? అదే సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ని ముంచేశాయి. మా బాబాయి వాళ్ళు పై అంతస్తులో మూడు రోజులున్నారు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, తాగే నీళ్ళు పడవల్లో వచ్చాయి. ఆర్డర్ పెట్టడానికి అక్కడ ఏముంది?

సరే, తిట్టడం తేలిక, నీ సంచిలో ఏముందో చెప్పు అంటారు. చెప్తా.

మొదటిది తీపి. ఇంట్లో షుగరు మనిషి ఉంటే ఇది లేకుండా గడప దాటకూడదు. డాక్టర్లు చెప్పే లెక్క సులభం. షుగరు 70 కంటే పడితే, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, త్వరగా ఒంటికి పట్టే చక్కెర 15 గ్రాములు ఇచ్చి 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. పంచదార, గ్లూకోజు పొడి, పళ్ళరసం పనికొస్తాయి. చాక్లెట్ అంత మంచిది కాదు, అందులో కొవ్వు వల్ల ఆలస్యం అవుతుంది. డైట్ కూల్‌డ్రింకు అసలే కాదు. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి చేయాల్సిందే. తేరుకున్నాక మళ్ళీ పడిపోకుండా ఏదైనా తినిపించాలి.

రెండోది ఓఆర్ఎస్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే దీని పేరు మీద జరిగినంత మోసం ఇంక దేని మీదా జరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి కలపాల్సిన పొడి 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. కానీ మందుల షాపులో ఓఆర్ఎస్ అంటే మామిడి, ఆపిల్ రుచుల్లో తియ్యటి డబ్బాలు చేతిలో పెట్టేవారు. విరేచనాలతో ఉన్న పిల్లాడికి ఆ చక్కెర పానకం పడితే ఇంకా ఎక్కువవుతాయి. మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ ఫార్ములాలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశమిచ్చింది. కాబట్టి పొడి ప్యాకెట్టు కొనండి, కూర్పు చదవండి. లీటరు ప్యాకెట్టుని గ్లాసెడు నీళ్ళలో కలిపే అఘాయిత్యం చేయకండి. ఇంకో మాట, షుగర్ డౌన్ అయితే ఓఆర్ఎస్ ఇద్దామనుకోకండి. పై లెక్క చూడండి, 15 గ్రాముల గ్లూకోజు కావాలంటే లీటరు పైన తాగించాలి!

మూడోది కాగితాలు. యాభై, వంద నోట్లలో అయిదు వందలు. ఆధార్ జెరాక్సు. ఒక చీటీ మీద నాలుగు ఫోన్ నంబర్లు, వాడే మందుల పేర్లు, మోతాదు, పడని మందు ఉంటే అది, బ్లడ్ గ్రూపు. మామూలు బాల్‌పెన్నుతో రాయండి, జెల్ పెన్ను సిరా తడికి పోతుంది. మొత్తం ఒక చిన్న జిప్పు కవర్లో. రోజువారీ మందులు రెండు రోజులకి సరిపడా. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరూ, తారీకూ ఉన్న ముక్కని ఉంచుకోండి. మా ఇంట్లో మందుల డబ్బా నిండా అనాథ మాత్రలే, ఏది ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

పవర్‌బ్యాంకు పదివేలది చాలు. ఇక్కడ కూడా మార్కెటింగ్ మాయ ఉంది. 10000 ఎంఏహెచ్ అన్నది 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్ అవర్లు. మీ ఫోను బ్యాటరీ 5000 అయితే అది దాదాపు 19. దారిలో వేడికి పోయేది తీసేస్తే రెండు సార్లు కాదు, ఒకటిన్నర సార్లు నిండుతుంది. విమానంలో ఇది చేతిసామానులోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు. నా ఘనత వహించిన మల్టీటూల్‌కి అదే చేతిసామానులో ప్రవేశం లేదు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ ఆవిడ దాన్ని ట్రేలోకి విసిరినప్పుడు బాధేసిన మాట నిజం. మూడేళ్ళలో దాంతో నేను బిగించినవి రెండు కుర్చీ మరలు, విప్పినవి అసంఖ్యాకమైన సీసా మూతలు.

మిగతావి చకచకా చెప్తా. వేలెడంత టార్చి, మామూలు ప్లాస్టిక్ విజిలు, బ్యాండ్‌ఎయిడ్లు, గాజు గుడ్డ చుట్ట, పాత ఏటీఎం కార్డుకి చుట్టిన టేపు, మడిచిన పెద్ద చెత్త కవరు (వానకి చొక్కా, సామానుకి గొడుగు), అరడజను పిన్నీసులు. పిన్నీసుల విషయంలో మా అమ్మమ్మని మించిన సిస్టమ్ డిజైన్ నేను చూడలేదు. అయిదారు మంగళసూత్రాలకే తగిలించుకుని తిరిగేది. ఎప్పుడూ ఒంటి మీదే, ఎప్పుడూ చేతికి అందేలా. ఈ జాబితా చూసి ఆఫీసులో ఒకావిడ "శానిటరీ ప్యాడ్ ఏదీ?" అనడిగింది. సిగ్గేసింది. చెల్లితో, అమ్మతో ప్రయాణాలు చేస్తూ నాకు తట్టనే లేదు. ఇప్పుడు రెండున్నాయి.

సర్దడం కూడా అందం కోసం కాదు. ఎలాస్టిక్ పట్టీల్లో సైనికుల్లా నిలబెడితే ఫోటో బాగుంటుంది, కానీ వణికే చేతులతో లాగితే రావు. తొందరగా కావలసింది పైన, నిదానంగా కావలసింది అడుగున. నాది పైన తీపి, టార్చి, విజిలు. మధ్యలో మందులు, కట్టు సామాను. అడుగున కాగితాలు, కవరు. లైటు తీసేసి ఒక్క చేత్తో పంచదార బయటికి తీయండి. పది సెకన్లు దాటితే మళ్ళీ సర్దండి. ప్రతి నెలా ఒకటో తారీకున ఫోనులో అలారం పెట్టుకున్నా, క్రాన్ జాబ్ లాగా. ఆ రోజు తారీకులు చూడటం, పవర్‌బ్యాంకు నింపడం. అన్నిటికన్నా ముఖ్యం, ఈ సంచి డిక్కీలోకీ, సూట్‌కేసులోకీ పోకూడదు. మనిషితో పాటే సీట్లో కూర్చోవాలి.

"మా ఇంట్లో ఎవరికీ షుగరు లేదు" అంటారు కొందరు. మంచిదే. ఆస్తమా ఉందేమో, పసిపిల్లలున్నారేమో, కళ్ళజోడు విరిగితే నడవలేని నాన్న ఉన్నారేమో. మీ సంచి మీది, నాది ఎత్తుకుపోయి కాపీ కొడితే ఆ కుర్రాడికీ మీకూ తేడా ఏముంది?

నాన్నకి కూడా ఆ నల్ల నైలాన్ పౌచే ఇవ్వబోయాను. "ఇదేంట్రా, పోలీసాడిలా" అని పక్కన పడేశారు. బీరువాలోంచి నగల షాపు పర్సు తీసుకున్నారు, మాది ఆకుపచ్చది. పోయిన ఒకటో తారీకున ఫోన్ చేసి పంచదార పొట్లం చూసుకున్నారా అంటే, "చీమలు పట్టాయిరా, పర్సంతా అవే" అన్నారు. ఆదివారం వెళ్ళి హోమియో మాత్రల ఖాళీ సీసాలు కడిగి ఆరబెట్టి, గ్లూకోజు పొడి నింపి మూతలు బిగించి వచ్చాను. రెండు ఆయనకి, ఒకటి నాకు.