సందర్భము రక్షింపని దోషములు

ఆంగ్లభాషయందు వ్యాకరణశుద్ధికి పూర్వమున్న ప్రాముఖ్యము నేడు లేదనియు, భావము తెలిసిన చాలుననియు, రూపసామ్యము గల పదములు తారుమారైనను పట్టించుకొనవలసిన పని లేదనియు వాదించువారు మన విద్యావంతులలో నానాటికి పెరుగుచున్నారు. ఆ వాదమునకు మూలమైన బాధను నేనెరుగుదును. పల్లెటూరి పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివి, పట్టుదలతో పట్టభద్రుడై, ఉద్యోగార్థియై ఇంటర్వ్యూకు వచ్చిన యువకుడు ఒక్క క్రియారూపమును తప్పి పలికినంతనే, అతని శాస్త్రజ్ఞానమును, కార్యదక్షతను విచారింపకయే త్రోసిపుచ్చు అధికారులు మన నగరములలో లేకపోలేదు. అట్టి తిరస్కారము క్రూరమైనది. దానిని నేను ఏ విధముగను సమర్థింపజాలను. అయినను ఆ క్రౌర్యమునకు ప్రతీకారముగా తప్పొప్పుల భేదమునే చెరిపివేయుద మనుచో, అందువలన ముందుగా నష్టపడువాడు ఆ యువకుడే.

విడువదగిన నియమములు ఆంగ్లమున అనేకములు కలవు. 1762లో రాబర్ట్ లౌత్ అను పండితుడు తాను రచించిన వ్యాకరణగ్రంథమున, ప్రిపొజిషన్‌ను వాక్యాంతమున నిలుపుట నిత్యసంభాషణకు తగియుండుననియు, ముందుంచుట గంభీరరచనకు శోభ కూర్చుననియు మాత్రమే అభిప్రాయపడెను. శైలిని గూర్చిన ఆ సూచనను తరువాతివారు శాసనముగా మార్చి, తరతరముల బాలుర చేత వల్లె వేయించిరి. 1926లో ఫౌలర్ అను పండితుడు తన ఆంగ్లప్రయోగ నిఘంటువులో అది మూఢవిశ్వాసమని స్పష్టముగా చెప్పినను, దాని ఛాయ నేటికిని పాఠశాలలను పూర్తిగా వీడలేదు. ఇట్టి నియమమును ఉల్లంఘించినందున ఏ పాఠకుడును పొరబడడు, ఏ కార్యమును చెడదు. దానికొరకు విద్యార్థిని దండించుట వ్యర్థము.

అర్థభేదము కలిగించు గుర్తులు సైతము కొన్ని కాలక్రమమున నిరుపయోగము లగుచుండును. అరసున్నతో వ్రాసిన ‘ఏఁడు’ సంవత్సరము, అరసున్న లేని ‘ఏడు’ ఆరు తరువాతి సంఖ్య అని మన పూర్వులు శ్రద్ధతో పాటించిరి. నేటి పత్రికలలో అరసున్న కానరాదు. అయినను సంవత్సరమును సంఖ్యగా భ్రమించు చదువరి ఎక్కడను లేడు, ఏలయన చుట్టుపట్ల నున్న మాటలు అతనిని రక్షించుచున్నవి. ఆంగ్లమున ‘ఇట్స్’ అను రూపములో అపాస్ట్రఫీ తప్పిపోయినపుడును జరుగునది ఇంతే. తెలిసినవానికి కంటికి నలుసుగా తోచును గాని, అర్థము చెడదు.

కాని సందర్భమే రక్షింపలేని తావులు కలవు. రెండు పదములును ఒకే సందర్భమున సమానముగా ఇముడునవై, అర్థమున పరస్పరవిరుద్ధములైనపుడు చుట్టునున్న వాక్యము చదువరికి ఏ సహాయమును చేయజాలదు. ‘హైపర్‌టెన్షన్’ అధిక రక్తపోటు, ‘హైపోటెన్షన్’ అల్ప రక్తపోటు. రెండును రక్తపోటునకు సంబంధించినవే, రెండును ఆసుపత్రి చీటీలలో నిత్యము కనబడునవే. ‘ప్రిస్క్రైబ్’ అనగా విధించుట, ‘ప్రోస్క్రైబ్’ అనగా నిషేధించుట. చట్టములో ఒకదాని చోట మరొకటి పడినను వాక్యము ఎట్టి లోపమును లేనిదిగానే కనబడును. ఇట్టి దోషము తాను దోషమని తెలుపుకొనదు. దాని ప్రమాద మంతయు అందే యున్నది.

ఒక్క అక్షరము ఎంత పని చేయునో బ్రిటనులో జరిగిన ఒక ఉదంతము చాటుచున్నది. వేల్సు దేశమునందలి కార్డిఫ్ నగరమున ‘టేలర్ అండ్ సన్స్’ అను పురాతనమైన ఇంజనీరింగు సంస్థ యుండెను. దానికి ఏ సంబంధమును లేని ‘టేలర్ అండ్ సన్’ అను వేరొక సంస్థను మూసివేయవలెనని న్యాయస్థాన మిచ్చిన ఉత్తరువును, 2009 ఫిబ్రవరిలో కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయమువారు ఆ పెద్ద సంస్థ పేర నమోదు చేసిరి. ఏకవచనమునకును బహువచనమునకును గల భేదము, అనగా వ్యాకరణమున పసిపిల్లలు మొట్టమొదట నేర్చుకొను భేదము, అచట లుప్తమైనది. కొద్ది దినములలోనే తప్పు గుర్తింపబడి సవరింపబడినను, వార్త అప్పటికే ఋణదాతలకును సరకు సరఫరాదారులకును చేరిపోయెను. అప్పు పుట్టలేదు, సరకు రాలేదు. రెండు నెలలలోనే సంస్థ కూలిపోయెను. 250 మందికి పైగా పనివారు జీవనాధారమును కోల్పోయిరి. 2015లో లండనునందలి హైకోర్టు రిజిస్ట్రారు కార్యాలయమే బాధ్యత వహింపవలెనని నిర్ణయించినది గాని, తీర్పు వెలువడునప్పటికి ఆ కర్మాగారము లేదు.

మన దేశమున సర్వోన్నత న్యాయస్థానమే ఈ విషయమును ఔషధముల పేళ్లను గూర్చి విచారించవలసి వచ్చినది. మెదడుకు సోకు మలేరియాకు వాడు ‘ఫాల్సిగో’, ‘ఫాల్సిటాబ్’ అను రెండు మందుల పేళ్ల పోలికపై కాడిలా అను పేరు గల రెండు ఔషధసంస్థల నడుమ నడచిన వ్యాజ్యమున, 2001లో తీర్పు చెప్పుచు, మందుల విషయమున కలుగు భ్రమ ప్రాణాంతకము కావచ్చుననియు, వైద్యులును మందుల దుకాణదారులును సైతము పొరబడవచ్చుననియు, ఆంగ్లము తెలిసినవారు కొలదిమందియే యైన ఈ దేశమున మరింత జాగరూకత అవసరమనియు న్యాయమూర్తులు వివరించిరి. ఈ చివరి మాటను మనవారు శ్రద్ధగా గమనింపవలెను. ఆంగ్లము అంతగా రాని ప్రజలు గల దేశము గనుక ఆంగ్లమున శుద్ధి అక్కరలేదని మనలో కొందరందురు. ఆ కారణమువలననే ఆ భాషలో వ్రాయువాడు ఇనుమడించిన జాగ్రత్త వహింపవలెనని ఆ తీర్పు వలన తేలుచున్నది. చీటీ చదువలేని రోగికి, దస్తావేజుపై వేలిముద్ర వేయు రైతుకు తప్పు పట్టు శక్తి లేదు. వారి పక్షమున ఆ పని చేయవలసినవాడు వ్రాయువాడే.

దోషములను దిద్దుటకు నేడు యంత్రము లున్నవి గదా యని అడుగవచ్చును. యంత్రము అక్షరక్రమము తప్పిన పదమును ఇట్టే పట్టుకొనును, వాక్యమును సైతము చక్కబరచును. రోగి రక్తపోటు అధికమో అల్పమో, మూయవలసినది ఏ సంస్థయో వ్రాసినవానికే తెలియును గాని, అతని మనసులోని ఉద్దేశమును యంత్రమెట్లు ఎరుగును? రెండును ఒప్పైన పదములే గనుక అది రెంటిని సమానముగా అంగీకరించును.

కావున మన ఆంగ్లోపాధ్యాయులకు నేను చేయు విన్నపము ఇది. విద్యార్థి ప్రిపొజిషన్‌తో వాక్యమును ముగించినచో ఎర్రసిరా వృథా చేయకుడు. తగినట్లు మార్చుకొనుట అను అర్థమున ‘అడాప్ట్’ అనవలసినచోట, దానిని పోలి, స్వీకరించుట అను అర్థము గల ‘అడోప్ట్’ను వ్రాసినచో మాత్రము వానిని దగ్గరకు పిలిచి, ఆ రెండు పదములతో రెండు వాక్యములు వ్రాయించి, ఆ వాక్యమును నమ్మి పని చేయువాడు ఏమి చేయునో వానిచేతనే చెప్పింపుడు.